రూటమ్మ ఎంపిక

ఆ రక్తపరీక్షల కేంద్రంలో ప్రతివాళ్ళకీ ఒక ముద్దుపేరు ఉండేది. చాలావరకు వెనకాల అనుకునేవే. రూటమ్మ పేరు మాత్రం మొహం మీదే పిలిచేవారు, ఆవిడా పలికేది. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే యంత్రంలో ఏ పనైనా చేయగల, దేన్నైనా చెరిపేయగల, ఎవరి గదిలోకైనా తలుపు తట్టకుండా వెళ్ళగల లాగిన్ ఒకటి ఉంటుంది. దాన్ని రూట్ అంటారు. ఆ లాగిన్ పద్నాలుగేళ్ళుగా ఆవిడ చేతిలో ఉంది. పాస్‌వర్డు మర్చిపోయినా, ప్రింటరు మొరాయించినా "రూటమ్మనడుగు" అనేవారు. ఆ కేంద్రం డైరెక్టరైన పెద్ద డాక్టరు కూడా ఒకసారి మీటింగులో నోరుజారి "రూటమ్మగారూ" అని నాలుక కరుచుకున్నాడు.

ఆవిడకి గర్వం లేదంటే అబద్ధమవుతుంది. ఉంది, కాస్త ఎక్కువగానే ఉంది. అయితే దానికి తగ్గ పనీ ఉంది. పొద్దున్న ఏడింటికి తలుపులు తెరిస్తే మధ్యాహ్నం లోపల మూడు వందలమంది చొక్కా చేతులు పైకి మడిచి కుర్చీల్లో కూర్చుంటారు. కింది అంతస్తులోని యంత్రాలు వాళ్ళ రక్తాన్ని చూసి చెప్పే ఫలితాలన్నీ రెండో అంతస్తులో ఫ్రీజర్ల గది పక్కన, ఒక మనిషి పక్కకి తిరిగితే ఇంకో మనిషి బయటికి నడవాల్సినంత ఇరుకు గదిలో ఉన్న ఒకే ఒక్క సర్వర్లోకి చేరతాయి. ఆ సర్వరు పద్నాలుగేళ్ళలో ఆగింది మొత్తం ఆరు గంటలు. అందులో నాలుగు గంటలు కరెంటువాళ్ళ పాపం. మెయిల్ సర్వర్ కూడా ఆవిడదే. ఇందరి ఉత్తరాలు చేతిలో ఉండి కూడా ఆవిడ ఏనాడూ ఒకటి విప్పి చదవలేదు. అడిగినవాళ్ళకి "చూడగలిగినదాన్ని కాబట్టే చూడకూడదు" అనేది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ మెడ కొంచెం నిటారుగా అయ్యేది.

ఆవిడకి సాయంగా ఉన్నది మరిది. భర్తకి తమ్ముడు, ముప్పై ఏళ్ళవాడు. రెండేళ్ళ కింద ఆవిడే పెద్ద డాక్టరుతో మాట్లాడి ఉద్యోగంలో పెట్టించింది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే బస్సెక్కుతారు. బస్సు దిగేదాకా "వదినా, నువ్వు", మెట్లెక్కాక "మేడమ్, మీరు". ఆ మర్యాద అతను తప్పేవాడు కాడు. కొత్తది ఏదొచ్చినా ముందు తనే ఎక్కించి చూడాలన్న తహతహ వల్ల అతనికి ఆఫీసులో అప్‌డేట్ బాబు అని పేరు పడింది.

ఆ ఏడాది వచ్చిన చిక్కేమిటంటే, సర్వర్ మీద నడుస్తున్న లినక్సుకి కాలం చెల్లిపోతోంది. ఇంకో నాలుగు నెలలయితే దాన్ని తయారుచేసినవాళ్ళు మరమ్మతులు పంపడం మానేస్తారు. ఎక్కడైనా కన్నం పడితే పూడ్చే నాథుడుండడు. అందుకని కొత్త యంత్రం తెప్పించారు. దాని మీద ఏ లినక్స్ ఎక్కించాలన్నది తేల్చడానికి పెద్ద డాక్టరు గదిలో కూర్చున్నారు.

"ఆర్నెల్లకోసారి కొత్తది వచ్చే రకం తీసుకుందాం మేడమ్," అన్నాడు మరిది. "యంత్రం కొత్తది. పాత రకం లినక్స్ దీని డిస్కుల్ని సరిగ్గా గుర్తుపట్టకపోవచ్చు."

"ఆర్నెల్లకోసారి ఇల్లు మారేవాడికి సామాను సర్దుకోవడంతోనే బతుకు తెల్లారిపోతుందయ్యా," అంది రూటమ్మ. పెద్ద డాక్టరు నవ్వాడు. ఆవిడ ఊపందుకుంది. "డెబియన్ పెడదాం సార్. అది నిదానం. కొత్తవన్నీ ఊళ్ళోవాళ్ళు వాడి, తిట్టి, బాగుచేసుకున్నాక గాని లోపలికి రానివ్వదు. అయిదేళ్ళు మరమ్మతులొస్తాయి. రిపోర్టు కోసం కాళ్ళూపుకుంటూ కూర్చున్నవాడికి కొత్తదనం ఎందుకు చెప్పండి?"

"నాకివేవీ తెలీవమ్మా. మీరు ఏదంటే అదే," అన్నాడు పెద్ద డాక్టరు.

డెబియన్ ఖాయమయింది. డిస్కుల గురించి మరిది పడ్డ భయం కూడా వట్టిదే అని మొదటి రోజే తేలింది. ఆ ఎంపికలో ఆవిడ తప్పేమీ లేదు. మళ్ళీ అడిగినా అదే చెప్పాలి. కాని ఒక విషయంలో నెగ్గినవాళ్ళకి తరవాత వచ్చే పది విషయాల్లో కూడా ఎదుటివాడిది చాదస్తంలా వినిపిస్తుంది. రూటమ్మకి ఆ జబ్బు పట్టింది.

ఆవిడకి ఒక పద్ధతి ఉంది. కొత్త సర్వరుని ఒకసారి తయారుచేసి "అయిపోయింది" అనుకోదు. చేసిన ప్రతి అడుగూ నోటుపుస్తకంలో రాయాలి. తరవాత డిస్కు మొత్తం తుడిచేసి, పుస్తకం చూస్తూ మళ్ళీ మొదటినుంచి ఎక్కించాలి. పుస్తకంలో లేని అడుగు ఒక్కటి వేయాల్సి వచ్చినా ఆ రోజు ఫెయిలు. వరసగా మూడు రోజులు తప్పు లేకుండా వస్తేనే కొత్తది పనిలోకి దిగుతుంది. మంచి పద్ధతి, కాదని ఎవరూ అనలేరు. తుడిచి ఎక్కించే పని మరిదికి అప్పగించింది. రోజూ పొద్దున్న రాగానే అతను చేసే మొదటి పని కొత్త యంత్రం డిస్కుని తుడిచేయడం.

ఇంకో చిక్కు ఉంది. రక్తం చూసే యంత్రాలకి సర్వర్ పేరు ఒక్కటే తెలుసు. వాటిలో ఆ పేరు మార్చాలంటే వాటిని తయారుచేసినవాళ్ళ మనిషి వచ్చి ఒక్కోదాని పొట్ట విప్పాలి. అందుకని కొత్త సర్వరుకి కూడా పాతదాని పేరే పెట్టారు. డిస్కుల పేర్లూ రెండిట్లో ఒకటే. మరిది కంప్యూటర్లో రెండు కిటికీలు పక్కపక్కన తెరిచి ఉంటాయి, ఒకటి పాత సర్వరుది, ఒకటి కొత్తది. ఆదేశం టైపు చేసే చోట రెండిట్లోనూ అదే పేరు మెరుస్తూ ఉంటుంది. తేడా తెలియడానికి రూటమ్మ రంగులు పెట్టింది. పనిలో ఉన్న పాతదాని పేరు ఎరుపు. తుడిచినా పరవాలేని కొత్తదాని పేరు ఆకుపచ్చ.

"రంగుతో పాటు పక్కన టెస్ట్ అని ఒక మాట కూడా పెడదామా మేడమ్?" అని మరిది అడిగాడు. అప్పుడు టీ తాగుతూ నలుగురైదుగురున్నారు.

"ఒరే నాయనా, ఇది టెస్టులు చేసే కేంద్రం," అంది రూటమ్మ. "ఇక్కడ ఫోల్డరు పేరు టెస్ట్, ఫైలు పేరు టెస్ట్, కింద కూర్చున్నవాళ్ళంతా టెస్టుల కోసం వచ్చినవాళ్ళు. ఇంకో టెస్ట్ తగిలిస్తే ఎవడికి ఏం అర్థమవుతుంది?"

అందరూ నవ్వారు. మరిదీ నవ్వాడు. ఆవిడ అన్నదాంట్లో నిజం లేకపోలేదు. అంతకు ముందు ఏడాది ఆ మాట చూసే ఒకడు పనికొచ్చే ఫోల్డరు చెరిపేశాడు. "చదవాల్సిన మాటని మనిషి నాలుగు రోజులయ్యాక చదవడం మానేస్తాడు. రంగు అలా కాదు. ఎరుపు చూస్తే చెయ్యి దానంతటదే ఆగుతుంది," అని తీర్పు చెప్పింది.

మర్నాడు మరిది ఆ విషయమే మెయిల్ రాశాడు. పక్క కుర్చీలో ఉన్న మనిషికి మెయిలేమిటని ఆవిడకి చిరాకేసింది. రెండు వాక్యాలు చదివి "చూద్దాంలే" అని జవాబు కొట్టి ఊరుకుంది. కింద ఇంకా ఏదో రాసి ఉంది. అది చదవలేదు.

రెండు వారాలు గడిచాయి. అతను రోజూ తుడిచాడు, రోజూ ఎక్కించాడు. పుస్తకంలో కొట్టివేతలు తగ్గుతూ వచ్చాయి. రెండు రోజులు వరసగా తప్పు లేకుండా వచ్చింది. ఆ మూడో రోజు పాసయితే వారాంతంలో కొత్తదాన్ని దింపేయొచ్చు.

ఆ పొద్దున్న మరిది కింద టీ తెచ్చుకోవడానికి వెళ్ళాడు. రూటమ్మ అతని కుర్చీలో కూర్చుని పాత సర్వర్లో ఖాళీ ఎంత మిగిలిందో చూసుకోబోయింది. కిటికీ బిగుసుకుపోయినట్టుంటే మూసేసి మళ్ళీ తెరిచింది. చూడాల్సింది చూసి లేచింది. టీ తెచ్చుకున్న మరిది వచ్చి కూర్చుని, రోజూ వేసే ఆదేశమే వేశాడు. డిస్కుని ఈ చివరినుంచి ఆ చివరిదాకా సున్నాలతో నింపేసే ఆదేశం. లినక్సుకి మర్యాద ఎక్కువ. రూట్ చెప్పాక "నిజంగానేనా?" అని ఎదురు ప్రశ్న వేయదు.

అయిదు నిమిషాలు గడిచాక కింది అంతస్తునుంచి ఫోనొచ్చింది. స్క్రీన్ మీద పేర్లు కనబడ్డం లేదట. ఇంకో ఫోను. మూడో ఫోను రూటమ్మ ఎత్తలేదు. మరిది వెనక నిలబడి స్క్రీన్ చూసింది. ఎడమవైపు ఉండాల్సిన కిటికీ కుడివైపుంది. అందులో యంత్రం పేరు ఎర్రగా ఉంది. దాని కింద సున్నాల పని జోరుగా సాగుతోంది.

ఆపేశారు గాని అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. ముందురోజు దాకా ఉన్నదంతా బ్యాకప్‌లో భద్రంగా ఉంది, ఆ పూట మధ్యాహ్నానికల్లా తిరిగి వచ్చేసింది కూడా. పోయింది ఆ పొద్దున్నది. పొద్దుటినుంచి రక్తమిచ్చినవాళ్ళు నూట ఎనభై ఏడుగురు. ఏ గొట్టం ఎవరిదో చెప్పే జాబితా ఆ డిస్కులోనే ఉంది. గొట్టాల మీద అంటించిన చీటీల్లో ఉన్నవి గీతలే, మనిషి చదవగలిగిన పేరు లేదు. నూట ఎనభై ఏడు గొట్టాల రక్తం ఎవరిదీ కాకుండా పోయింది.

వాళ్ళందరికీ ఫోన్లు చేసి మళ్ళీ రమ్మన్నారు. రాత్రినుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా వచ్చి, రక్తమిచ్చి, అప్పుడే తిని తృప్తిగా కూర్చున్న ముసలాళ్ళని మర్నాడు మళ్ళీ కడుపు మాడ్చుకుని రమ్మన్నారు. ఒక తల్లి, నరం దొరక్క మూడుసార్లు పొడిపించుకున్న పిల్లని చంకనేసుకుని వచ్చి కౌంటర్ దగ్గర నిలబడి ఏమీ తిట్టకుండా ఏడ్చింది. తిట్టినవాళ్ళకంటే ఆవిడే ఎక్కువ తలనొప్పి తెచ్చిపెట్టింది. ఆ ఏడుపు విని పెద్ద డాక్టరు గదిలోంచి బయటికొచ్చాడు.

సర్వర్ గదిలో తలుపు వేసి రూటమ్మ మరిది మీద ఒంటికాలి మీద లేచింది.

"ఎర్రగా కనబడి చావలేదా నీకు? కళ్ళు నెత్తికెక్కాయా?"

మరిది గోడకి ఆనుకుని నేల చూస్తున్నాడు. ఫ్యాన్ల హోరులో అతని మాట సరిగ్గా వినబడలేదు.

"ఏమిటి?"

"కనబడదు వదినా." మెట్లెక్కాక వదినా అనడం అదే మొదటిసారి. "ఎరుపూ ఆకుపచ్చా నాకు తేడా తెలీదు. రెండూ ఒకే మట్టిరంగులా ఉంటాయి. చిన్నప్పటినుంచీ అంతే. ఎడమదయితే పాతది, కుడిదయితే కొత్తది అని గుర్తు పెట్టుకుని చేసుకొస్తున్నా."

రూటమ్మకి టొమాటోలు గుర్తొచ్చాయి. పదేళ్ళుగా ఇంట్లో ఒక హాస్యం నడుస్తోంది. మరిదిని బజారుకి పంపితే పచ్చి టొమాటోలు ఏరి తెస్తాడు. "మా మరిది తెచ్చిన టొమాటోలకి ముందు వయసు రావాలి, తరవాత కూర వండాలి" అని చుట్టాలందరి ముందూ అని నవ్వించేది తనే. అతనూ వాళ్ళతో కలిసి నవ్వేవాడు. ఆ నవ్వు వెనకాల ఇంత పెద్ద మాట దాచుకున్నాడని పదేళ్ళలో ఆవిడకి తట్టలేదు.

"మరి చెప్పి చావలేదేం?"

"చేరేటప్పుడు ఫారంలో రంగులు బాగా కనబడతాయా అని ఉంది. ల్యాబులో రంగు చీటీలు చూసేవాళ్ళ కోసం అచ్చేసిన ఫారం, మాకూ అదే ఇచ్చారు. అవునని రాశాను. ఇప్పుడు కాదంటే అబద్ధం రాసినట్టేగా?" అతను తలెత్తాడు. "అందుకే రంగుని నమ్ముకోవద్దు, మాట పెడదాం అన్నా. మెయిల్లో కూడా రాశా."

ఆ మెయిల్ సంగతి ఆవిడకి అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున్న తను మూసి తెరవడం వల్లే కిటికీ అటునుంచి ఇటు మారిందన్న సంగతి అంతకు ముందే తట్టింది. కిటికీ విషయం అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పలేదు. "సరే, పద, ముందు పని చూడు," అంది.

మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు ఆవిడ ఆ మెయిల్ తెరిచి, ఆనాడు వదిలేసిన కింది భాగం కూడా చదివింది. "అందరి కళ్ళకీ రంగులు ఒకేలా కనబడవు మేడమ్. రంగు ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏదో ఒక రోజు పెద్ద పొరపాటు జరుగుతుంది. దయచేసి పేరు పక్కన ఒక మాట చేర్చండి. నేనే చేస్తాను, మీరు సరేనంటే చాలు." దాని కింద ఆవిడ జవాబు. చూద్దాంలే.

విచారణ ఆ మర్నాడే ఉందని పొద్దున్న చెప్పారు. ఇద్దరిలో ఎవరో ఒకరు బయటికి పోక తప్పదని కూడా అందరికీ అర్థమైపోయింది. ఆ తల్లి ఏడుపు పెద్ద డాక్టరు విన్నాక ఊరికే వదలరు.

ఆవిడ మొదట అనుకున్నది తన గురించి కాదు. కనీసం అలా అని తనకి తాను చెప్పుకుంది. ఈ మెయిల్ బయటపడితే "అందరి కళ్ళకీ" అన్న మాట దగ్గర పెద్ద డాక్టరు ఆగుతాడు. డాక్టరు కదా, ఇట్టే పసిగడతాడు. ఫారం తీయిస్తాడు. అబద్ధం బయటపడుతుంది. అబద్ధం రాసి చేరినవాడని మచ్చపడితే మరిదికి ఇక ఎక్కడా ఉద్యోగం రాదు. ఈ మెయిల్ లేకపోవడమే వాడికి మంచిది. ఇలా పది నిమిషాలు నచ్చజెప్పుకుంది. ఎంత చక్కగా నచ్చజెప్పుకుందంటే, ఆ మెయిల్ బయటపడితే ముందు పోయేది తన మాటే అన్న సంగతి ఆ పది నిమిషాల్లో ఒక్కసారి కూడా మనసులోకి రానివ్వలేదు.

రూట్‌గా లోపలికి వెళ్ళింది. తన పెట్టెలోంచి ఆ మెయిల్ తీసేసింది. మరిది పెట్టె తెరిచి, అతను పంపినవాటిల్లోంచి తీసేసింది. జవాబు రెండు చోట్లా తీసేసింది. బ్యాకప్‌లో ఒక కాపీ ఉంటుందని తెలుసు కాబట్టి అక్కడా తీసేసింది. తను లోపలికి వచ్చి వెళ్ళినట్టు చిట్టాలో పడ్డ నాలుగు వాక్యాలు కూడా చెరిపేసింది. తెలియనివాళ్ళయితే ఎక్కడో ఒక చోట మర్చిపోదురు. ఆవిడ ఏదీ మర్చిపోలేదు. పద్నాలుగేళ్ళ నేర్పు ఆరు నిమిషాల్లో అక్కరకొచ్చింది. ఆ పని అవగానే చేతులు కడుక్కుని వచ్చి, తెచ్చుకున్న క్యారేజీ విప్పి తినబోయింది. తినకుండానే మళ్ళీ మూత పెట్టేసింది.

విచారణ పెద్ద డాక్టరు గదిలోనే జరిగింది. ఆయనా, ఆఫీసు వ్యవహారాలు చూసే పెద్ద గుమాస్తా బల్లకి ఒకవైపు, వదినా మరిదీ రెండోవైపు కూర్చున్నారు. రూటమ్మ రాసిచ్చిన రిపోర్టుని గుమాస్తా పైకి చదివాడు. హెచ్చరిక రంగులు స్పష్టంగా ఉన్నా గమనించకుండా ఆదేశం ఇవ్వడం వల్ల జరిగిందని అందులో ఉంది. ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. అలా రాయడానికి ఆవిడకి గంటన్నర పట్టింది.

"నువ్వేమైనా చెప్పుకుంటావా అబ్బాయ్?" అని పెద్ద డాక్టరు అడిగాడు.

మరిది కొంచెం నీళ్ళు నమిలాడు. "తప్పు నాదే సార్. కాని రెండు సర్వర్లకీ ఒకే పేరుంది, రంగు ఒక్కటే సరిపోదు, పక్కన ఒక మాట పెట్టాలి అని రెండు వారాల కిందటే మెయిల్ పెట్టాను."

పెద్ద డాక్టరు ముందుకి వంగాడు. "అలాగా? ముందే హెచ్చరించావంటే అది వేరే సంగతి. ఏదీ, చూపించు."

గుమాస్తా తన కంప్యూటరుని అతనివైపు తిప్పాడు. మరిది తన పెట్టె తెరిచాడు. పంపినవాటిల్లో కిందికి జరుపుకుంటూ వెళ్ళాడు, మళ్ళీ పైకొచ్చాడు. వెతికే చోట ఒక మాట కొట్టాడు. ఇంకో మాట కొట్టాడు. తరవాత తేదీ వేసి చూశాడు. ఆ రోజు పంపిన మిగతా మెయిళ్ళన్నీ వరసగా ఉన్నాయి. ప్రింటరు సిరా గురించి రాసింది కూడా ఉంది.

రూటమ్మ బల్ల మీదున్న గాజు గుండుని చూస్తోంది. అతని వేళ్ళు మీటల మీద ఆగిపోవడం పక్క చూపులో తెలుస్తోంది. ఆ కేంద్రంలో ఒకరి పెట్టెలోంచి ఒక ఉత్తరాన్ని ఇలా మచ్చ లేకుండా మాయం చేయగలవాళ్ళు ఎంతమందో అతనికి తెలుసు. అతనికి ఈ పనంతా నేర్పింది కూడా ఆ మనిషే.

"మేడమ్, మీకేమైనా అందిందా?" అని పెద్ద డాక్టరు అడిగాడు.

ఆ క్షణంలో "అందింది సార్, నేనే పట్టించుకోలేదు" అంటే సరిపోయేది. నాలుగు మాటలు. పద్నాలుగేళ్ళ పరువులో కాస్త పోయేది. పూర్తిగా కూడా పోయేది కాదేమో.

"లేదు సార్," అంది.

మరిది ఆవిడవైపు తిరగలేదు. కంప్యూటరుని మెల్లగా గుమాస్తావైపు తిప్పేశాడు. "రాద్దామనుకుని రాయలేదేమో సార్. పొరబడ్డట్టున్నాను," అన్నాడు. తన కళ్ళకి రంగుల తేడా తెలియదన్న సంగతి ఎత్తనేలేదు.

ఉద్యోగంలోంచి తీసేశారన్న కాగితం రాకుండా, మరిదిని తనే మానేసినట్టు రాసివ్వమన్నారు. పెద్ద డాక్టరు అదొక మంచితనమనుకున్నాడు. మరిది అక్కడే నిలబడి రాసిచ్చాడు. "మీవాడయినా ఉన్నదున్నట్టు రాశారు. మీలాంటి మనిషి ఉండటం మా అదృష్టం," అని పెద్ద డాక్టరు రూటమ్మతో అన్నాడు. ఆవిడ తలొంచుకుంది. అది వినయం అనుకున్నాడాయన.

ఆ సాయంత్రం బస్సులో ఇద్దరికీ పక్కపక్కనే సీటు దొరికింది. సగం దారి వచ్చాక రూటమ్మ "అది బయటపడితే నీ ఫారం సంగతి కూడా..." అని మొదలుపెట్టింది.

"తెలుసు వదినా," అన్నాడు మరిది. మామూలుగానే అన్నాడు. తరవాత కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ అంతకంటే చెప్పలేకపోయింది. చెప్పడానికి ఉన్నదంతా అదొక్కటే, అదీ సగం నిజం.

కొత్త సర్వరుని ఆవిడ ఒక్కతే మూడుసార్లు తుడిచి మూడుసార్లు ఎక్కించి పనిలోకి దింపింది. డెబియన్ చెప్పినట్టే నిదానంగా, ఏ గొడవా లేకుండా నడుస్తోంది. ఇక ఆ పేరుతో ఉన్నది ఒకే సర్వరు కాబట్టి రంగు అక్కర్లేదు, మాటా అక్కర్లేదు.

వారం దాకా ఇంట్లో ఎవరికీ అసలు సంగతి తెలియలేదు. మరిది రోజూ పొద్దున్నే తయారై వదినతో పాటే బయల్దేరి, బస్సు దిగాక ఇంకో వీధికి తిరిగేవాడు. ఎక్కడెక్కడో ఉద్యోగాలు అడుగుతున్నాడు. ఎనిమిదో రోజు అత్తగారికి ఎవరి ద్వారానో తెలిసిపోయింది. ఆ ఆదివారం పొద్దున్న ఆవిడ ఇద్దరు కొడుకుల్నీ కోడల్నీ ముందుగదిలోకి పిలిచింది.

"ఎన్నాళ్ళు దాచిపెడదామనుకున్నావురా?" అని చిన్నకొడుకుని అడిగింది. "ఏం చేశావు?"

"తప్పు చేశానమ్మా. చూసుకోకుండా చెరిపేశాను."

"మీ వదిన పెద్దాళ్ళ దగ్గర మాట ఇచ్చి పెట్టించిన ఉద్యోగం. నీ మూలాన అక్కడ ఆవిడ తలెత్తుకోగలుగుతోందా? అది ఆలోచించావా?" అత్తగారు కోడలివైపు తిరిగింది. "అమ్మాయ్, వీడు ఇంత పని చేసినా నువ్వు ఇంట్లో ఒక్క మాట బయటపెట్టలేదు. వారం రోజులు కడుపులో పెట్టుకున్నావు. ఇంకొకత్తె అయితే వీధికెక్కేది."

రూటమ్మ భర్త కూడా ఇబ్బందిగా కదిలాడు. "వాడి తరఫున నేను చెప్తున్నా. నీకు తలవంపులు తెచ్చాడు. మనసులో పెట్టుకోకు," అన్నాడు.

"నువ్వు చెప్పడమేమిట్రా? చేసింది వాడు, వాడే అడగాలి," అంది అత్తగారు. "లేచి అడుగు."

"వద్దత్తయ్యా," అంది రూటమ్మ.

"నువ్వూరుకో. ఇంట్లోవాడని వదిలేస్తే వాడికెప్పటికీ బుద్ధి రాదు."

మరిది లేచాడు. కుర్చీ పక్కకి జరిపి వదిన ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆవిడ అతని మొహంలోకి చూసింది. అక్కడ వెటకారం ఉంటుందేమోనని వెతికింది. కోపం ఉన్నా బావుండుననుకుంది. ఏమీ లేదు. అలిసిపోయిన మనిషి మొహం, అంతే. అమ్మని సమాధానపెట్టి తొందరగా అక్కడినుంచి పోదామన్న ఆత్రం ఒక్కటే కనబడింది.

"తప్పయిపోయింది వదినా," అన్నాడు. "నీ మాట పోగొట్టాను. క్షమించు."

అందరూ రూటమ్మవైపు చూస్తున్నారు. ఆవిడ నోరు తెరిచింది. నిజం చెప్పాలనే తెరిచింది. అది నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అత్తగారి కళ్ళలో తన మీద ఉన్న గౌరవం చూసింది. భర్త మొహంలో జాలి చూసింది.

"పర్వాలేదులే," అంది. అక్కడితో ఆగినా బావుండేది. "ఇకమీదటైనా కాస్త చూసుకుని చెయ్యి."

"చూశావా, మీ వదినది ఎంత పెద్ద మనసో," అంది అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ.

మరిది తలూపాడు.